మోటారుకారు ఆజ్ఞాపేటిక: దానిని ఇంటియొద్ద మార్చు క్రమము

(సాంస్కృతిక సంఘ వార్షిక సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



సంఘ సభలలో సాధారణముగ కావ్యములను గూర్చియు, నాటకములను గూర్చియు, పండుగలను గూర్చియు ఉపన్యాసములు జరుగుచుండును. నేటి విషయము అట్టిది కాదు. ఇది ఇంటింట ప్రతిదినము పనిచేయుచు, చెడిన నాడు మాత్రమే జ్ఞప్తికి వచ్చు ఒక చిన్న పెట్టెను గూర్చినది. మోటారుకారులోని దీపములకు, వైపర్లకు, హారనుకు, తలుపు తాళములకు ఆజ్ఞలిచ్చు విద్యుత్ నియంత్రణ మాడ్యూలే ఆ పెట్టె. అది చెడినపుడు ఇంటియొద్దనే మార్చుకొనవచ్చునా? మార్చుకొనవచ్చుననినచో, మనిషికిని బండికిని హాని లేకుండ ఎట్లు మార్చవలెను? ఏ మేరకు వచ్చి చేయి నిలుపవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

సరకారు కొలువులో మోటారుకారనగా చాలకాలము ఎంబాసిడరే. దాని తయారీ 2014 లో నిలిచిపోయెను. ఆ బండి బానెట్టు ఎత్తినచో రోగము కంటికి కనబడెడిది. కార్బ్యురేటరులో నలుసు చేరినను, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మాడినను, తీగ తెగినను, డ్రైవరు ఉప్పుకాగితముతో రాచి, తీగను మెలిపెట్టి బండిని కదలించెడివాడు. స్విచ్చి నొక్కినచో విద్యుత్తు తీగ వెంట దీపమునకు పోయెడిది. మధ్య ఆలోచించువారెవరును లేరు.

ఆ కాలము మెల్లగా మారినది. 1967 లో బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి ఫోక్స్‌వ్యాగన్ కారులో ప్రవేశించెను. 1986 లో ఆ సంస్థయే, కారులోని మాడ్యూళ్లన్నియు రెండు తీగల మీదనే పరస్పరము వార్తలు పంపుకొను క్యాన్ అను పద్ధతిని ప్రకటించెను. మనదేశమున 2000 ప్రాంతమున పొగ నియమములు కఠినమైన పిమ్మట మారుతి 800 వంటి చిన్న కారులోనికిని ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి వచ్చెను. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి 6 నియమములు దేశమంతటను అమలునకు వచ్చినవి. నేడు సామాన్య గృహస్థుని కారులో సైతము ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి, దేహమునకొకటిగా మాడ్యూళ్లు ఉన్నవి. నేటి ప్రసంగమునకు ముఖ్యమైనది ఈ చివరిది. దానిని బాడీ కంట్రోల్ మాడ్యూలు అందురు. అరచేతి వెడల్పున, ప్లాస్టిక్కు డొప్పలో, డ్యాష్‌బోర్డు క్రింద చీకటిలో కూర్చుండును. పిట్ట కొంచెము, కూత ఘనము.

దాని పని సచివాలయోద్యోగులకు సులభముగ బోధపడును. అది యొక సెక్షను అధికారి వంటిది. స్విచ్చి దీపమును వెలిగింపదు. దీపము కావలెనని అర్జీ పెట్టును. అర్జీ స్వల్ప విద్యుత్తు రూపమున మాడ్యూలునకు చేరును. మాడ్యూలు దానిని పరిశీలించి, నియమము ననుసరించి రిలేకు ఆజ్ఞ నిచ్చును. రిలే, బంట్రోతు వలె, అధిక విద్యుత్తును మోసికొని పోయి దీపమునకు అందించును. తలుపు తెరచియున్నదనియు, తాళపుచెవి నిజమైనదే యనియు తక్కిన మాడ్యూళ్లకు తెలియజేయుట కూడ దాని విధియే. ఇందువలననే ఒక చిక్కు పుట్టుచున్నది. పని జరుగనపుడు అందరును అధికారిని నిందింతురు. తపాలు అతనికి చేరినదా, అతని యుత్తరువు డిస్పాచి దాటినదా అని విచారించువారు అరుదు.

ఉదాహరణమునకు ఢిల్లీలో సరకారు క్వార్టర్సున నివసించు ఒక గృహస్థుని భావింపుడు. ఎనిమిదేండ్ల కారు, వేపచెట్టు క్రింద నిలుపుట అలవాటు. శ్రావణమాసపు వానలు. ఒక రాత్రి రెండుగంటలకు హారను తనంతట తానే మ్రోగి వీధివారి నందరను లేపినది. మరునాడు వైపర్లు నడుమ నిలిచిపోయినవి. మూడవనాడు భార్యతోను ఇద్దరు పిల్లలతోను వానలో ఇంటికి మరలి వచ్చుచుండగా, లారీల రద్దీ గల వంతెనమీద హెడ్‌లైట్లు రెండును ఆరిపోయి, మూడు నాలుగు క్షణములకు మరల వెలిగినవి. ఆ క్షణములలో కారులో ఎవరును మాటాడలేదు.

తెలిసినవారందరును ఒకే మాట చెప్పిరి: మాడ్యూలు పోయినది, మార్చవలెను. క్రొత్తదాని వెల విని ఆ గృహస్థుడు పిల్లల బడిరుసుమును తలచుకొనెను. పాతసామానుల అంగడిలో అదే రూపు, అదే రంగు గల మాడ్యూలొకటి చవుకగ దొరికెను. ఆదివారముదయమున బ్యాటరి తీగ విప్పకయే పాతదానిని ఊడబెరికి క్రొత్తదానిని తగిలించెను. చిటుక్కుమని మెరుపు వచ్చి ఫ్యూజొకటి మాడినది. ఫ్యూజు మార్చిన పిమ్మట తాళపుచెవి త్రిప్పగా ఇంజను కదలలేదు. మీటర్లలో తాళపుచెవి బొమ్మ గల దీపము మిణుకుమిణుకుమన్నది. అదృష్టవశమున పాత మాడ్యూలును పారవేయలేదు. దానిని తిరిగి పెట్టగా బండి, తన పాత రోగములతో సహా, ప్రాణము పోసికొన్నది.

ఆ సాయంకాలము ఇల్లాలు బండి లోపల తుడుచుచు భర్తను పిలిచి, "ఏమండీ, ఎడమవైపు కాళ్ల దగ్గర పట్టా పిండితే నీళ్లు కారుతున్నాయి. అద్దాలన్నీ మూసే ఉన్నాయి కదా, ఈ నీళ్లెక్కడివి?" అని అడిగెను.

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న అదియే. అది అడుగకయే మూడు నాళ్లు గడచినవి, ఒక ఫ్యూజు మాడినది, కొంత ధనము వ్యర్థమైనది. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల యని పెద్దలందురు. మాడ్యూలు మార్చుట గొడ్డలి వంటి పని. దానికి ముందు గోటి పనులు కొన్ని గలవు.

మొదటిది బ్యాటరి పరీక్ష. ఒక మల్టీమీటరు చాలును. బండి కొన్ని గంటలు నిలిచియుండగ కొలిచినచో మంచి బ్యాటరియందు సుమారు 12.6 వోల్టులు కనబడును. 12 వోల్టులకు దిగువనున్నచో బ్యాటరి నీరసించినదనియే అర్థము. ఇంజను నడచుచుండగ సుమారు 13.5 మొదలు 14.5 వోల్టుల వరకు ఉండవలెను. బలహీనమైన బ్యాటరి మాడ్యూళ్ల చేత వింతపనులు చేయించును. దానిని మార్చినంతనే సర్వరోగములు కుదిరిన కారులు కలవు.

రెండవది ఫ్యూజులు. వాని రంగు వాని బలమును దెలుపును. ఎరుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మాడినదానికి బదులు అదే బలము గలదానిని పెట్టవలెను. పెద్దదానిని పెట్టిన, కాగితపు ముక్క వంటి అగ్గువ వస్తువు దక్కును, తీగలకట్ట తగులబడును. ఇంట చెడిపోయిన ఫ్యూజు స్థానమున రాగితీగ చుట్టు అలవాటు గలవారు ఈ సంగతి ముఖ్యముగ గుర్తుంచుకొనవలెను.

మూడవది ఎర్తు. కారులో విద్యుత్తు తిరిగి పోవు మార్గము బండి ఇనుప దేహమే. మాడ్యూళ్ల నుండియు దీపముల నుండియు వచ్చు నల్లని లేక గోధుమరంగు తీగలు ఒక బోల్టుతో ఆ దేహమునకు బిగింపబడి యుండును. బోల్టు త్రుప్పుపట్టినచో విద్యుత్తు త్రోవ దొరకక, ఒక దీపమునకు పోవలసినది వేరొకదాని గుండ పోజూచును. పరీక్ష సులభము. హెడ్‌లైట్లు వెలుగుచుండగ మల్టీమీటరు తీగ నొకదానిని బ్యాటరి ఋణ ధ్రువమునకును, రెండవదానిని ఆ ఎర్తు స్థానమునకును తాకింపవలెను. వోల్టులో పదవవంతు, మిక్కిలియైన ఐదవవంతు కనబడవచ్చును. అంతకు మించినచో ఎర్తు చెడినదే. పాత బల్బు గల పరీక్షాదీపమును మాడ్యూలు తీగలకు తాకింపరాదు. అది లాగు విద్యుత్తు మాడ్యూలునకు హాని చేయవచ్చును.

నాలుగవది కనెక్టర్లు. లోపలి పిన్నులమీద పచ్చని చిలుము పట్టినదేమో, ఏదైన వంగినదేమో దీపము వేసి చూడవలెను. ఐదవది వార్తల తీగ. స్టీరింగు క్రిందనుండు 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించినచో బండి తన దోషములను సంకేతాక్షరములతో చెప్పును. పి అక్షరముతో మొదలగునవి ఇంజనుకు, బి దేహమునకు, సి చక్రములు బ్రేకులు మున్నగువానికి, యు మాడ్యూళ్ల పరస్పర సంభాషణమునకు చెందినవి. అనేకములైన కారులలో ఆ సాకెట్టులోని 6, 14 పిన్నుల మధ్య, బ్యాటరి విప్పియుండగ, సుమారు 60 ఓముల నిరోధము కనబడవలెను. తీగ రెండు కొనల యందును 120 ఓముల చొప్పున నిరోధములుండుటయే దీనికి కారణము. 120 కనబడినచో ఒక కొనకు సంబంధము తెగినదని ఊహింపవచ్చును. స్కానరు మాడ్యూలు పేరు చెప్పినంత మాత్రమున అదియే దోషి యని తీర్పు చెప్పరాదు. వార్త రాలేదని మాత్రమే యది చెప్పును. ఎందుచేత రాలేదో మనుష్యుడు కనుగొనవలెను.

ఆ గృహస్థుడీ వరుసలో పరీక్షింపగా బ్యాటరి బాగుగనే యున్నది. ఫ్యూజులు బాగుగనే యున్నవి. ఎర్తు బోల్టువద్ద అరవోల్టునకు మించి కనబడెను. బోల్టును విప్పి, త్రుప్పును ఉప్పుకాగితముతో రాచి, మెరయు ఇనుము కనబడిన పిమ్మట మరల బిగింపగా హెడ్‌లైట్ల దోషము పూర్తిగ పోయెను. ఇది ఆలోచింపదగిన సంగతి. వంతెనమీద ప్రాణాపాయము తెచ్చినది మాడ్యూలు కాదు, ఒక బోల్టు. మంచి మాడ్యూలునే కొని తగిలించి, రోగము కుదిరినదని తలచి యుండినచో, ఆ కుటుంబము మరియొక రాత్రి మరియొక వంతెనమీద చీకటిలో పడియుండెడిది.

హారనును వైపర్లను పీడించినది వేరొక దోషము. ముందరి అద్దము క్రింద, బానెట్టు వెనుక, వాననీరు పారిపోవుటకు తొట్టి వంటి చోటు కలదు. వేపాకులు రాలి దాని రంధ్రములను పూడ్చినవి. నీరు నిలిచి, లోనికి గాలి వచ్చు మార్గమున దిగి, ఎడమవైపు కాళ్లయొద్దకు చేరెను. కొంత నీరు తీగలకట్ట వెంట ప్రాకి మాడ్యూలులో ప్రవేశించెను. డొప్ప విప్పగా పిన్నులమీద పచ్చని చిలుము, కొన్ని పిన్నులు తినివేయబడియు ఉన్నవి. మాడ్యూలు నిజముగనే మరణించినది. కాని ఆకులు తీయకుండ క్రొత్తదానిని పెట్టిన, వచ్చు వానకు అదియు అదే గతి పట్టును. పూర్వాధికారి పతనమునకు కారణమరయక ఆ కుర్చీలో వేరొకని కూర్చుండబెట్టుట ఎంత తెలివియో ఇదియు అంతియే. ఏసీ నీటి గొట్టము పూడినపుడు కూడ కాళ్లయొద్ద తడి చేరును; కావున రెండును చూడవలెను.

మార్పు తప్పదని తేలిన పిమ్మట ముందుగ నిషేధములు చెప్పవలెను. ఎయిర్‌బ్యాగు మాడ్యూలును ఇంటియొద్ద ముట్టరాదు. 2019 జులై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగు మనదేశమున విధిగ నుండవలెనని నియమమేర్పడినది. కావున ఇది అందరికిని సంబంధించిన సంగతి. ఆ సంచి రెప్పపాటునకు లోపలనే విచ్చుకొనును. బ్యాటరి విప్పినను దాని మాడ్యూలులో కొంత విద్యుత్తు నిలువయుండి, కొన్ని నిముషముల వరకు దానిని ప్రేల్పగలదు. పసుపుపచ్చని కనెక్టర్లు తఱచుగ ఈ జాతివి. వానిని విప్పరాదు, మల్టీమీటరుతో కొలువనురాదు. బ్రేకుల మాడ్యూలు అనేక కారులలో బ్రేకునూనె పంపుతో కలిసియుండును. దానిని విప్పినచో బ్రేకులకు మరల గాలి తీయవలసి వచ్చును. అదియు వర్క్‌షాపు పనియే. విద్యుత్ కారులలోను, హైబ్రిడ్ కారులలోను నారింజరంగు తీగలు వందల వోల్టులను మోయుచుండును. వాని దరికి పోరాదు. ఈ మూడింటియందు ఖర్చు తగ్గించుకొనజూచుట ఎలుకకు కోపించి ఇంటికి నిప్పు పెట్టినట్లగును.

బాడీ మాడ్యూలు విషయమున గూడ మొదట వస్తువును సరిగ కొనవలెను. రూపము చాలదు. దానిపై ముద్రింపబడిన సంఖ్య చివరి అక్షరము వరకు సరిపోవలెను. ఒకే నమూనా కారులో హెచ్చు సౌకర్యములు గలదానికి ఒకటి, తక్కువ సౌకర్యములు గలదానికి ఒకటి యుండును. పాతది కొనినచో బిల్లు అడిగి తీసికొనవలెను. అది ఏ బండినుండి వచ్చినదో తెలియనిచో కొనకుండుటయే మేలు. వారంటీ గల బండియైనచో ఇంట విప్పుటవలన ఆ హక్కు పోవునేమో ముందుగ చదువుకొనవలెను.

ఇక క్రమము. పని పగటివేళ, సమతలమున, గాలియాడు చోట జరుగవలెను. హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టవలెను. పిల్లలను దూరముగ నుంచవలెను. ఉంగరము, గడియారము, చేతి గొలుసు తీసివేయవలెను. బంగారపు ఉంగరము స్పానరుకును ఇనుమునకును నడుమ చిక్కినచో క్షణములో ఎర్రగ కాలును. ప్రతి కనెక్టరు స్థానమును ఫోనుతో ఛాయాచిత్రము తీయవలెను. రేడియోకు సంకేతసంఖ్య యున్నచో వ్రాసికొనవలెను. డ్రైవరు తలుపు అద్దమును దింపియుంచి, తాళపుచెవిని బండినుండి తీసి జేబులోగాక ఇంటిలో పెట్టవలెను. బటనుతో నడచు బండ్లు తాళపుచెవి సమీపమున నున్నచో మేలుకొనుచుండును. తాళము తీసిన పిమ్మట మాడ్యూళ్లు నిద్రించుటకు కొంతసేపు పట్టును, తొందరపడరాదు.

పిమ్మట బ్యాటరి. అనేక కారులలో 10 మిల్లీమీటర్ల స్పానరు సరిపోవును. ముందుగ ఋణ ధ్రువమును విప్పవలెను. కారణమిది: బండి దేహమంతయు ఋణ ధ్రువముతో కలిసియున్నది. ముందుగ ధన ధ్రువమును విప్పబోయినపుడు స్పానరు పొరపాటున దేహమునకు తగిలినచో పెద్ద మెరుపు పుట్టును. బ్యాటరినుండి వెలువడు హైడ్రోజను వాయువు ఆ మెరుపునకు అంటుకొనగలదు. ఋణ ధ్రువము ముందు విప్పినచో ఈ ప్రమాదము లేదు. విప్పిన తీగను గుడ్డతో చుట్టి దూరముగ కట్టవలెను. ఆపై తయారీదారుని పుస్తకమున చెప్పినంతసేపు వేచియుండవలెను. స్టీరింగు సమీపమున చేయి పెట్టవలసి వచ్చినపుడు ఈ వేచియుండుట ప్రాణరక్షకము. నిదానమే ప్రధానము.

మాడ్యూలును తాకుటకు ముందు రంగు లేని బండి ఇనుమును చేతితో తాకవలెను. ఢిల్లీ చలికాలపు పొడిగాలిలో ఉన్నిబట్టలు ధరించి తలుపు తాకినపుడు చురుక్కుమనుట అందరికిని అనుభవమే. మనిషికి చురుక్కుమను ఆ విద్యుత్తు మాడ్యూలులోని సూక్ష్మభాగములకు పిడుగుపాటు. పని నూలుబట్టలతో చేయవలెను. క్రొత్తదానిని తగిలించు క్షణము వరకు దాని సంచిలోనే యుంచవలెను. పిన్నులను వ్రేళ్లతో ముట్టరాదు. కనెక్టర్లకు చిన్న మీటలు, కొక్కెములు ఉండును. వానిని తెరచి డొప్పను పట్టి లాగవలెను గాని తీగలను పట్టి లాగరాదు. రానిచో కొక్కెము విడలేదని గ్రహింపవలెను. బలప్రయోగము చేసిన విరిగిన కొక్కెము మరల దొరకదు.

పాతదానిని తీసి, రెండింటి సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి, ఇంటిలో మరియొకరిచేత చదివించి సరిచూచుకొనవలెను. తీగలకట్టను ఆరనిచ్చి, చిలుము పట్టిన కనెక్టరును విద్యుత్ భాగములకొరకు అమ్ము శుద్ధిద్రవముతో తుడువవలెను. నీటిచుక్క తీగ వెంట మాడ్యూలులోనికి కాక క్రిందికి రాలునట్లు తీగను కొంచెము వంచి కట్టుట మంచిది. క్రొత్తదానిని అన్ని బోల్టులతో బిగించి, కనెక్టర్లను చప్పుడు వినబడువరకు నొక్కి, చిట్టచివర బ్యాటరి ఋణ ధ్రువమును కలుపవలెను. ధన ధ్రువమును గూడ విప్పియున్నచో ముందు ధనము, తరువాత ఋణము. విప్పునపుడు ఋణము మొదటిది. బిగించునపుడు ఋణము చివరిది. ఈ ఒక్క వాక్యమును గోడమీద వ్రాసికొనినను తప్పులేదు.

ఇంతటితో పని పూర్తియైనదని తలచుట సహజము. కాని క్రొత్త అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నంత మాత్రమున ఛార్జి తీసికొన్నట్లు కాదు. దొంగతనమును నివారించుటకై ఇమ్మొబిలైజరు అను ఏర్పాటు కలదు. తాళపుచెవిలోని సంకేతమును మాడ్యూలు గుర్తింపవలెను. ఆ సంగతి ఇంజను మాడ్యూలునకు తెలియవలెను. క్రొత్త మాడ్యూలునకు ఆ బండి 17 అక్షరముల గుర్తింపు సంఖ్య తెలియదు, ఆ తాళపుచెవులు తెలియవు. ఆ గృహస్థుని మొదటి ప్రయత్నమున బండి కదలకుండుటకు కారణమదియే. చేతిలో నున్నది చెడిన వస్తువో కాదో చెప్పలేము గాని, అపరిచితుడని బండి దానిని నిరాకరించినది. ఈ ఛార్జి అప్పగింత తగిన యంత్రము గలవారిచేత చేయింపవలెను. ఇంటనున్న తాళపుచెవులన్నిటిని తీసికొనిపోవలెను. వ్రాత జరుగుచుండగ బ్యాటరి నీరసించి నడుమ ఆగినచో మాడ్యూలు మరల లేవకపోవచ్చును. కావున స్థిరమైన విద్యుత్తు నిచ్చు పరికరమును తగిలించి చేయుదురు. బండి కదలదు గనుక యంత్రమును ఇంటికి తీసికొని రాగలవారిని ముందుగనే మాటాడియుంచుకొనవలెను. అట్టివారు దొరకనిచో పని మొదలిడకుండుటయే వివేకము.

చివరగ పరీక్ష. తాళపుచెవి త్రిప్పి, ఇంజను నడుపకయే దీపములు, ఇండికేటర్లు, బ్రేకుదీపములు, హారను, వైపర్లు, తాళములు ఒక కాగితముపై వ్రాసికొని ఒక్కొక్కటిగ సరిచూడవలెను. వెనుక నిలిచి బ్రేకుదీపము వెలిగినదని చెప్పుటకు ఇంటిలోనివారి సాయము కావలెను. ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపము వెలిగి ఆరిపోవలెను. ఆరకున్నచో బండిని నడుపక మెకానిక్కును పిలువవలెను. మొదటి ప్రయాణము పగటివేళ, ఇంటి చుట్టుప్రక్కల జరుగవలెను. ఆ తరువాతనే రాత్రి ప్రయాణము.

ఆ గృహస్థుడు రెండవ పర్యాయము ఇట్లే చేసెను. సరియైన సంఖ్య గల క్రొత్త మాడ్యూలును కొని తానే బిగించెను. వ్రాతపనిని తెలిసినవారిచేత ఇంటియొద్దనే చేయించెను. మిగిలిన ధనము పెద్ద మొత్తము కాదు. కాని ఆ ఇంటివారికి తమ బండి రోగము ఎందువలన వచ్చినదో తెలిసెను. ఇప్పుడు ప్రతి ఆదివారము ఇల్లాలు అద్దము క్రిందనున్న వేపాకులను తీయించును. పిల్లలు ఒక చెంబెడు నీరు పోసి, అది చక్రము వెనుక నేలమీద రాలుచున్నదో లేదో వంగి చూతురు. వాన రాత్రులలో ఆ కుటుంబమును కాపాడుచున్నది, వెలగల మాడ్యూలు కన్న, ఆ చెంబెడు నీరే యనవచ్చును.

సోదర సోదరీమణులారా! ఈ ప్రసంగము విని ఎవరైన స్పానరు చేతబట్టిన సంతోషమే. స్పానరు పట్టకుండ, మెకానిక్కును "ఎర్తు చూచితిరా? నీరెచ్చటినుండి వచ్చినది?" అని అడుగగలిగినను ప్రయోజనము నెరవేరినట్లే.